సున్నం చల్లినవాడు

థోర్‌కిల్ కనుబొమ్మలు పుట్టుకతోనే తెల్లనివేమీ కావు. సున్నపు లారీ ఎక్కిన మొదటి ఏడే అలా అయ్యాయని, ఆ తర్వాత ఎంత కడిగినా తెలుపు దిగలేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. అది అబద్ధం. అందరికీ నెరిసినట్టే ఆయనకీ వయసుతో నెరిశాయి. కానీ ఊరు ఒకసారి మనిషికి పేరు పెట్టాక దాన్ని ఊడబెరకడం ఎవరి తరం? పిండి థోర్‌కిల్ అన్నారు, చివరిదాకా పిండి థోర్‌కిల్‌గానే మిగిలాడు.

గ్రోహెడె నేల పులుపు నేల. డెన్మార్క్ పడమటి వైపు చాలా ఊళ్ళు ఇంతే. పైన జానెడు ఇసుక, కింద తుప్పురంగు గట్టి పొర, అది దాటితే మళ్ళీ ఇసుక. తాతల కాలంలో ఇక్కడ ఊదారంగు పొదలూ వాటిని మేసే గొర్రెలూ తప్ప ఏమీ ఉండేవి కావట. సున్నపురాయి పొడి చల్లితేనే ఈ నేలలో బార్లీ నిలబడుతుంది. లేకపోతే మోకాలెత్తు రాకముందే పసుపెక్కి పడుకుంటుంది. ఆ పొడి చల్లడమే థోర్‌కిల్ బతుకు.

కోతలు అవగానే పని మొదలయ్యేది. తూర్పున గనుల దగ్గర లోడెత్తించుకుని వచ్చి, పొలం గట్టున లారీ ఆపి, దిగి, చూపుడువేలు తడిచేసుకుని పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చూసేవాడు. ఆ తర్వాతే వెనకున్న పొడి చల్లే చక్రం తిప్పేవాడు. గాలి చూసుకోకుండా మొదలుపెడితే పొడంతా పక్కింటి వాళ్ళ ఆరేసిన బట్టల మీదికి పోతుంది, లేదా తన ముక్కులోకే వస్తుంది. చూసుకున్నా కొంత ముక్కులోకి వచ్చేదే. ఊళ్ళో ఆయన చల్లని పొలం లేదు, చల్లినందుకు ఆయన్ని భోజనానికి పిలిచిన ఆసాములు కూడా పెద్దగా లేరు. నడుం పోయింది, మోకాళ్ళు పోయాయి, దగ్గు మాత్రం ఉండిపోయింది. పింఛను వయసు రాగానే లారీ తాళాలు ఇచ్చేశాడు. ఇంక ఏం చేస్తావు అని అడిగితే, కూర్చుంటాను అన్నాడు. అన్నట్టే కూర్చున్నాడు. అలసట అంటే ఏమిటో తెలియాలంటే ఆయన కుర్చీలో కూర్చునే తీరు చూడాలి. మనిషి కూర్చున్నట్టు ఉండేది కాదు, ఎవరో తెచ్చి దించేసి పోయినట్టు ఉండేది.

ఆయన భార్య పేరు విలాయ్. థాయిలాండ్ ఈశాన్యాన మూన్ అనే నది ఒడ్డున ఆమె ఊరు. పక్క ఊరి పందుల కబేళాలో పనిచేసే పిన్ని కూతురి దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చింది. ఊరి సమావేశ మందిరంలో ఎవరిదో పుట్టినరోజు విందుకు ఆ అక్కచెల్లెళ్ళిద్దరే వండారు. నలభై దాటినా పెళ్ళి కాని థోర్‌కిల్ మిరపకాయల కూర పెట్టించుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా పళ్ళెం ఖాళీ చేశాడు. ఎందుకు పెళ్ళాడావని ఎవరైనా అడిగితే విలాయ్ చెప్పే జవాబు ఒకటే. ఏడుస్తూ తిన్నాడు గానీ మంచినీళ్ళు అడగలేదు, ఈ మనిషికి నోరు లేదు, నాకు సరిపోతాడు అనుకున్నానని. ఆమెకు మాత్రం నోరుండేది. కొత్తలో ఆ నోట్లో ఈ దేశపు మాటలు తక్కువ, కాబట్టి ఉన్న నాలుగు మాటలతోనే అందరినీ దులిపేసేది.

పెరట్లో ఒక కంబం నాటించి, దాని మీద చిన్న చెక్క గుడి పెట్టించుకుంది విలాయ్. ఆ స్థలాన్ని కాచే దేవతలు ఉండటానికి. రోజూ పొద్దున్నే అక్కడ ఇంత అన్నం, ఒక గ్లాసులో ఎర్రటి సోడా, దానిలో పీల్చుకోవడానికి గొట్టం కూడా పెట్టేది. చర్చి స్మశానం చూసుకునే ఎస్కిల్ అది పిట్టల గూడనుకుని, పాపం మంచి మనసుతోనే, ఒక శీతాకాలమంతా గింజలు తెచ్చి పోశాడు. విలాయ్ చాలా రోజులు ఏమీ అనలేదు. చివరికొకరోజు, మా దేవతలకి కాస్త అరుగుదల తక్కువ, గింజలు వద్దులే ఎస్కిల్, అంది.

ఇక మిట్ట కింద పిల్ల సంగతి. బడి దారి వెడల్పు చేస్తున్నప్పుడు ఊరి బయటి మట్టి మిట్టను ఒక పక్క తవ్వాల్సి వచ్చింది. లోపల ఓక్ మాను తొలిచి చేసిన శవపెట్టె బయటపడింది. మూడు వేల ఏళ్ళ పైమాట అన్నారు. పులుపు నేల ఎముకల్ని ఏనాడో తినేసింది. మిగిలింది మెడకు వేసుకునే కంచు కడియం ఒకటి, ఉన్ని గుడ్డ పీలిక, గుప్పెడు పళ్ళు. పళ్ళ ఎదుగుదల చూసి పదహారో పదిహేడో ఏళ్ళ పిల్ల అన్నారు. ఆ పళ్ళు పట్నానికి వెళ్ళాయి, పరీక్షలయ్యాయి, వార్త వచ్చింది. ఆ పిల్ల ఇక్కడ పెరగలేదు.

అదెలా తెలిసిందో ఊళ్ళో ఇప్పుడు బడిపిల్లలు కూడా చెప్పగలరు. నేలలో స్ట్రాన్షియం అనే లోహం ఉంటుంది. అందులో బరువు, తేలిక రకాలున్నాయి, వాటి పాళ్ళు ఒక్కో నేలలో ఒక్కోలా ఉంటాయి. అది నీళ్ళలోకీ గింజల్లోకీ వస్తుంది, అక్కడినుంచి చిన్నపిల్లల పళ్ళలోకి పోయి, పైనున్న పింగాణీ పొరలో ముద్రలా ఉండిపోతుంది. ఆ తర్వాత మనిషి ఎన్ని దేశాలు తిరిగినా ఆ ముద్ర మారదు. పిల్ల పంటి ముద్రను మన వాగుల నీళ్ళతో పోల్చి చూశారు. కలవలేదు. దక్షిణాన జర్మనీ కొండల వైపు కలిసింది. అంత దూరం నుంచి ఈ ఇసుకలోకి పెళ్ళై వచ్చిందన్నమాట.

ఊరికి ఒక్కసారిగా బోలెడు గొప్ప వచ్చిపడింది. మూతపడ్డ పాలకేంద్రానికి సున్నం వేసి, అందులో అద్దాల పెట్టె పెట్టి, ‘దూరదేశపు పెళ్ళికూతురి ఇల్లు’ అని బోర్డు కట్టారు. శుభ్రం చేసే పని, తాళంచెవి విలాయ్‌కి ఇచ్చారు. అద్దం తుడిచినప్పుడల్లా ఆమె ఆ పిల్లతో తన భాషలో ఏదో చెప్పుకునేది. పెట్టె వెనక, సందర్శకులకు కనపడనిచోట, చిన్న గ్లాసుతో ఎర్ర సోడా పెట్టేది. చూసిన వాళ్ళు చూడనట్టు ఊరుకున్నారు.

అసలు గొడవ థోర్‌కిల్ గుండె కవాటం మార్చాక మొదలైంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయనకు కారు నడపడం వద్దన్నారు, బరువులెత్తడం వద్దన్నారు. మిగిలిన పని ఆలోచించడం ఒక్కటే. చర్చి వెనక తన అమ్మానాన్నల పక్కన రెండు జాగాలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి తనకు, ఒకటి విలాయ్‌కి కావాలని ఎస్కిల్‌తో చెప్పి పేర్లు రాయించాడు. రాయించాక విలాయ్‌తో చెప్పాడు. ఆ వరస తిరగబడి ఉంటే బాగుండేదేమో.

విలాయ్ తన మట్టుకు తాను ఎప్పుడో అనుకుని ఉంది. పోయాక కాల్చాలి, బూడిద మూన్ నదిలో కలపాలి. వాళ్ళ ఊళ్ళో కాల్చకుండా నేరుగా పాతేది దుర్మరణం పాలైన వాళ్ళనే. పాతిపెడతానంటే ఆమెకు వినడానికే ఒళ్ళు జలదరించేది. థోర్‌కిల్‌కి చావంటే భయం లేదు. అంత అలిసిపోయిన మనిషికి అది పెద్ద విషయంగా తోచలేదు. ఆయన భయమల్లా ఆ పక్క జాగా ఖాళీగా ఉండిపోతుందని. లారీలో ఒంటరిగా సగం బతుకు గడిపాడు. మట్టిలో కూడా ఒంటరిగా ఉండటం ఆయన వల్ల కాదు. ఇది ఆమెతో ఇలా చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పడం చేతకాక, ఆ పిల్లను అడ్డం పెట్టుకున్నాడు.

“ఆ పిల్లని చూడు. ఎంత దూరం నుంచి వచ్చింది. ఇక్కడే పడుకుంది. ఎవరైనా పరాయిదానివని లేపారా?”

“పడుకుంటావా అని ఆమెని ఎవరైనా అడిగారా?” అనేది విలాయ్. ఆ తర్వాత, “చూద్దాంలే,” అనేది.

ఆ చూద్దాంలే ఏళ్ళ తరబడి నడిచింది. క్రిస్మస్‌కి చూద్దాంలే, ఈస్టర్‌కి చూద్దాంలే. బంగాళాదుంపలు ఒలుస్తూ ఒకటి, మంచు ఊడుస్తూ ఒకటి. థోర్‌కిల్ కూడా వదల్లేదు. కాఫీ తాగుతూ ఆ పిల్ల మాటెత్తేవాడు, వార్తలు చూస్తూ ఎత్తేవాడు. ఆయన చేతిలో ఉన్న వాదన అదొక్కటే.

గత ఏడాది పట్నం నుంచి రిక్కె అనే పరిశోధకురాలు వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తడి బూట్లతో ఉండే మనిషి. వాగుల దగ్గర నీళ్ళు సీసాలకెత్తింది. అంతకుముందు వాళ్ళూ అదే చేశారు కదా అంటే నవ్వి, ఊరికి దూరంగా నాగలి తగలని పాత పొదల నేల ఉంటే అక్కడి ఊటల నీళ్ళు కూడా పట్టుకుపోయింది. చలికాలం చివర మళ్ళీ వచ్చి, సమావేశ మందిరంలో అందరికీ ఫలితం చెప్తానంది. ఊరంతా వచ్చింది. ఊరు ‘పెళ్ళికూతురు కేకు’ అని పిలుచుకునే మూడు పొరల కేకులు, ఫ్లాస్కుల్లో కాఫీ. పోసేది విలాయ్.

రిక్కె చెప్పింది చిన్న విషయమే. ఆ పిల్ల ఎక్కడినుంచో రాలేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్ళే తాగి పెరిగింది. మొదట పరీక్ష చేసినవాళ్ళు పంటిని సరిగ్గానే చదివారు. వాళ్ళు పోల్చి చూసిన వాగుల నీళ్ళలోనే పొరపాటుంది. ఆ నీళ్ళు పొలాల మీదుగా వస్తాయి, పొలాల్లో ఏళ్ళ తరబడి సున్నం పడింది. తూర్పు నుంచి తెచ్చిన సున్నపురాయిలో ఉండే స్ట్రాన్షియం నీళ్ళలో కలిసి, అసలు నేల పాళ్ళను కప్పేసింది. సున్నం పడని ఊటల నీళ్ళు తెచ్చి పోలిస్తే పిల్ల పన్ను అచ్చంగా కలిసిపోయింది. పెళ్ళికూతురు ఎక్కడినుంచో కాదు, ఈ మిట్ట పక్కనుంచే.

మందిరంలో ఒక్కొక్కరూ మెడ తిప్పి థోర్‌కిల్ వైపు చూశారు. వెనక బెంచీ మీది ఆసామీ ఒకడు, “మా పొలాల మీద చల్లమంటే చరిత్ర మీద కూడా చల్లావేంటయ్యా,” అన్నాడు. అందరూ నవ్వారు. థోర్‌కిల్ కూడా నవ్వబోయాడు గానీ దగ్గొచ్చింది. దగ్గుతూనే విలాయ్ కోసం చూశాడు. ఆమె కాఫీ ఫ్లాస్కు పట్టుకుని గోడ పక్కన కదలకుండా నిలబడి ఉంది.

ప్రశ్నలుంటే అడగమంది రిక్కె. బోర్డు మార్చాలా అని ఒకరు, కేకు పేరు మార్చాలా అని ఇంకొకరు అడిగారు. అప్పుడు విలాయ్ ఫ్లాస్కు కింద పెట్టి, నా పన్ను చూస్తే ఏముంటుంది అని అడిగింది. మీరు చిన్నప్పుడు తాగిన నీళ్ళు ఉంటాయి, ఇక్కడ ఎన్నేళ్ళున్నా పోదు, ఎముకలైతే మెల్లగా మారతాయి గానీ పంటి పింగాణీ మారదు అంది రిక్కె.

“కాలిస్తే?”

“కాలిస్తే ఆ పొర చిట్లి రాలిపోతుందండి. బూడిద మిగులుతుంది. దాన్ని బట్టి చిన్నతనం చదవలేం, దాదాపుగా.”

విలాయ్ తలూపి ఫ్లాస్కు తీసుకుని మళ్ళీ పోయడం మొదలుపెట్టింది. కాల్చడం గురించి అడిగిందంటే నిశ్చయించుకున్నట్టే అనుకున్నాడు థోర్‌కిల్. ఇంటికి కారు ఆమే నడిపింది. దారంతా ఒక్కటే మాట మాట్లాడింది, సీటుబెల్టు పెట్టుకోమని.

ఆ తర్వాతి వారం విలాయ్ పాలకేంద్రానికి వెళుతూ సోడా సీసా పట్టుకెళ్ళలేదు. థోర్‌కిల్ గమనించి మర్చిపోయావంటూ గుర్తుచేశాడు.

“ఆమెకెందుకు?” అంది విలాయ్ కోటు గుండీలు పెట్టుకుంటూ. “సొంతూళ్ళోనే ఉందిగా. అయినవాళ్ళంతా చుట్టూనే పడుకున్నారు. వాళ్ళే చూసుకుంటారు.”

ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. ఆమె వెళ్ళాక కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. అది పెద్ద ఏడుపేమీ కాదు. మిరపకాయల కూర తిన్నప్పటిలాగే నీళ్ళు వాటంతట అవే కారాయి. తన చేతులకేసి చూసుకున్నాడు. ఈ చేతులతో చల్లిన పొడే కదా ఆ పిల్లను దూరదేశానికి పంపింది. ఆ పిల్లను చూపించే కదా ఇన్నేళ్ళూ భార్యను పట్టి ఉంచాలనుకున్నది. పట్టుకున్న కొమ్మ తన చేతిపనే అయింది, అదీ ఇప్పుడు విరిగింది. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీదా రాలేదు. అంత ఓపిక కూడా లేదు.

కొన్నాళ్ళు అలాగే గడిచాయి. ఒకరోజు రొట్టె మీద వెన్న రాస్తూ రాస్తూ కత్తి పక్కన పెట్టాడు. ఇక నిన్ను విసిగించనన్నాడు. నీ ఇష్టప్రకారమే కానివ్వు, నీ బూడిద మీ ఊరే పోతుంది, నేను ముందు పోయినా ఆ సంగతి ఎస్కిల్‌తో చెప్పే పోతానన్నాడు. ఆ పక్క జాగా ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పడానికి చర్చి దాకా దింపమన్నాడు. విలాయ్ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. అలాగే, కోటు వేసుకో, గాలిగా ఉంది అంది.

చర్చి వెనక మంచు కరిగి గడ్డి బయటపడింది. గడ్డికంటే నాచే ఎక్కువ. ఈ ఊళ్ళో వసంతం రాగానే ఇళ్ళ ముందు, స్మశానంలో, అంతటా నాచు పోవడానికి ఒకటే మందు. ఎస్కిల్ బకెట్ నిండా సున్నం పొడి పెట్టుకుని, గుప్పిళ్ళతో చల్లుకుంటూ వరస వెంట వస్తున్నాడు. విలాయ్ కారులోనే ఉండిపోయింది. థోర్‌కిల్ చేతికర్ర ఊనుకుంటూ వెళ్ళి, అమ్మానాన్నల రాయి దగ్గర ఆగి, ఊపిరి తీసుకున్నాడు. ఎస్కిల్ పలకరించి, సున్నం గురించి ఏదో వేళాకోళమాడాడు. థోర్‌కిల్ చెప్పాల్సిన మాట నోటిదాకా తెచ్చుకుంటుండగా కారు తలుపు చప్పుడైంది.

విలాయ్ చేయి పైకెత్తి పట్టుకుని గబగబా వచ్చింది. “ఎస్కిల్, ఆ రెండిటి మీద చల్లకు.”

“ఏ రెండు?”

“ఈయనది, దాని పక్కది.”

“నాచు పట్టేస్తుంది కదమ్మా.”

“పట్టనీ.”

థోర్‌కిల్‌కి ఏమీ అర్థం కాలేదు. పక్కది వదిలేస్తున్నామని చెప్పడానికే కదా వచ్చిందన్నాడు.

“చెప్పేశావా?” అంది విలాయ్.

“ఇంకా లేదు.”

“అయితే చెప్పకు.”

ఆమె అక్కడే, తడి గడ్డి మీద, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. ఆమె ముఖంలో కూడా అలసట ఉంది. థోర్‌కిల్ అది ఇన్నేళ్ళలో సరిగ్గా చూడనేలేదు, తన అలసటే చూసుకుంటూ వచ్చాడు.

“ఆమెలా ఉండు, ఆమెలా ఉండు అని ఇన్నేళ్ళు నా ప్రాణం తీశావు,” అంది. “ఊళ్ళో పుట్టిన పిల్లని నీ సున్నంతో పరాయిదాన్ని చేసి నాకు తోడు తెచ్చిపెట్టావు. నేనూ నమ్మాను. రోజూ సోడా పోశాను. ఆమె నాలాంటిది కాదంట. అంత దూరం నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. అది ఎవరో ఒకరికి తెలియాలి కదా.”

ఎస్కిల్ గుప్పిట్లో పొడి అలాగే పట్టుకుని వింటున్నాడు.

“కాలిస్తే నా పళ్ళు ఏమీ చెప్పవంట. కాబట్టి కాల్చొద్దు. నాకు భయమే, అయినా వద్దు. ఎప్పుడో ఎవరో తవ్వుతారు. ఇది మూన్ నీళ్ళు తాగి పెరిగింది, ఇక్కడికొచ్చి ఈ ముసలోడి పక్కన పడుకుంది, దీన్ని ఎవరూ మోసుకురాలేదు, తనే వచ్చింది అని వాళ్ళు చదవాలి. మధ్యలో మీ సున్నం పడి లెక్క తప్పితే ఊరుకోను.”

ఎప్పుడో జరిగే తవ్వకాలకి తాను హామీ ఇవ్వలేనని, ఇక్కడ జాగా ముప్ఫై ఏళ్ళకే ఇస్తారని, ఆ తర్వాత మళ్ళీ రాయించుకోవాలని ఎస్కిల్ నసిగాడు. అప్పుడు చూద్దాంలే అంది విలాయ్.

థోర్‌కిల్ నోరు లేని మనిషని ఆమె ముందే చెప్పింది కదా. ఆయన ఎస్కిల్ చేతిలోని బకెట్ తీసుకోబోతే, బరువులెత్తొద్దన్నారు కదా అని విలాయ్ రెండో పక్క పట్టుకుంది. ఆయన చూపుడువేలు తడిచేసుకుని పైకెత్తి గాలి చూశాడు. పడమటి గాలి. ఇద్దరూ ఆ బకెట్‌ని మోసుకెళ్ళి, పొడి రేగినా ఆ రెండు జాగాల మీద పడని వైపు, తూర్పు గోడ దగ్గర పెట్టి వచ్చారు.